తలకిందుల కాన్పు

ఒట్టు, మీరిది నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, నేను మాత్రం ఒక్క ముక్క కూడా కలపను. బడికి పోయింది రెండు రోజులే. అబద్ధాల పాఠం దాకా రాకముందే పారిపోయొచ్చా.

అనగనగా, అంటే మరీ అంత అనగనగా కాదు, మొన్నీమధ్యే, ఒక అడవిలో భల్లయ్య అని ఎలుగుబంటి డాక్టరు ఉండేవాడు. ఎంత మంచి చెయ్యనుకున్నారు! ఏనుగు పంటినొప్పికి ఆయన మందేస్తే, అది మర్నాడు చెరకుతోటంతా నమిలేసి "ఇంకేమన్నా ఉందా?" అనడిగింది. ఆయన దగ్గర కొంగ నర్సు. పుట్టుకతోనే తెల్లబట్టలు, ఇంకేం కావాలి!

ఒకరోజు పొద్దున్నే తొర్రమ్మ అనే గబ్బిలం వచ్చింది. నిండు చూలాలు. నొప్పులు మొదలయ్యాయి. వెంట అత్త.

"మంచమెక్కి పడుకో అమ్మాయ్," అన్నాడు భల్లయ్య.

"అయ్యా, మేం వేలాడే కంటాం," అంది అత్త. "తలకిందులుగా. నేనట్టా ఆరుగుర్ని కన్నా."

"తలకిందులుగానా! బిడ్డ నేలమీద పడదూ? డాక్టరు నువ్వా, నేనా?"

మంచం మీద పడుకోబెట్టాడు. తొర్రమ్మ పాక్కుంటూ పోయి పైన దూలం పట్టుకుంది. దించాడు. మళ్ళీ ఎక్కింది. మూడోసారి దించి, మెత్తటి తీగతో రెక్కలు మంచానికి కట్టేశాడు. మంచికే అనుకున్నాడు పాపం.

వాకిట్లో కూర్చున్న కోతులు తొంగిచూసి కిచకిచా నవ్వాయి. "ఒరే, దీని కాన్పు కూడా తిరగబడిందిరోయ్!"

తొర్రమ్మ గొంతు సన్నబడింది. "అయ్యా... కాళ్ళకు పట్టు దొరకట్లేదు. పట్టు లేకపోతే నాకు బలం రాదు. నా బిడ్డ..."

భల్లయ్య నాడి చూశాడు. నాడి జారిపోతోంది. ఆయనకు చెమట పట్టింది. ఎలుగుబంటికి చెమటేంట్రా అనకండి, పట్టింది.

అప్పుడు కొంగ మెల్లగా అంది. "డాక్టరుగారూ, నేను ఒంటికాలి మీద నిద్రపోతాను. రేపు నాకు జబ్బు చేస్తే, రెండో కాలు కూడా కిందికి లాగి కట్టేస్తారా?"

భల్లయ్య గబగబా తీగ తెంపాడు. కోతులకు కనపడకుండా వాకిలికి అరిటాకు అడ్డం కట్టించాడు. తొర్రమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పయింది తల్లీ. నీకెట్టా వీలుగా ఉంటుందో చెప్పు."

"దూలం," అంది తొర్రమ్మ.

తనే ఎత్తి దూలానికి అందించాడు. కాళ్ళకు పట్టు దొరగ్గానే తొర్రమ్మ మొహం తేటపడింది. కానీ కిందనుంచి భల్లయ్యకు ఏమీ కనపడదే! అప్పుడేం చేశాడనుకున్నారు? తనూ దూలమెక్కి, వెనక్కాళ్ళు మెలేసి, తలకిందులుగా వేలాడాడు! పది బస్తాల బరువు. దూలం కిర్రుమంది. నేను గానీ పట్టుకుని ఉంటే విరిగేదే కాదు... ఆఁ, విరగలేదులెండి.

"బిడ్డను రెక్కలో పట్టుకోవాలి కోడలా!" అంది అత్త.

బిడ్డ వచ్చింది. తీగ కట్టిన రెక్కకు ఇంకా తిమ్మిరి తగ్గలేదు. రెక్క వాలిపోయింది, బిడ్డ జారింది. కింద సిద్ధంగా ఉన్న భల్లయ్య పెద్ద అరచెయ్యి టక్కున పట్టేసింది. రేగిపండంత బిడ్డ, కెవ్వుమంది.

"నువ్వు లేకపోతే పోయేది నాయనా," అని అత్త ఏడ్చింది.

"నేను కట్టకపోతే జారేదే కాదమ్మా," అని భల్లయ్య కూడా ఏడ్చాడు. తలకిందులుగా ఏడిస్తే కన్నీళ్ళు నుదుటి మీదుగా పోతాయి. కావాలంటే ఏడ్చి చూసుకోండి.

బయటికి రాగానే కోతులు మూగాయి. "లోపలేం జరిగింది డాక్టరుగారూ? చెప్పరూ!"

"అది వాళ్ళింటి సంగతి. నా నోటినుంచి రాదు," అన్నాడు.

మరి నీకెట్టా తెలిసిందిరా అంటారా? తొర్రమ్మే చెప్పింది. మా చూరుకిందే కాపురం.

ఆనాటినుంచి ఆ ఆస్పత్రిలో మంచం పక్కన దూలం ఉంది, కొంగలకు గుంజ ఉంది. ఎవరొచ్చినా భల్లయ్య మొదటి మాట, "మీకెట్టా అలవాటు?"

నీతి: ఎంత చదివిన డాక్టరైనా చెయ్యి వేసే ముందు ఎదుటివాళ్ళ పద్ధతేంటో అడగాలి, అడక్కుండా చేసే మేలు కట్టేసిన తీగతో సమానం. కాదంటారా? రండి, భల్లయ్యలా దూలానికి వేలాడుతూ నాది అబద్ధమని రుజువు చెయ్యండి!