పరదాకి ఎండ తగలకూడదు

ఊరి మొత్తమ్మీద తెలివి ఎవరింట్లో ఎక్కువ అనడిగితే వీర్రాజు క్షణం కూడా ఆలోచించేవాడు కాదు. తనింట్లోనే! కొడుకు గవర్రాజు, కోడలు మంగతాయారు, ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేసే రకం. "ఊళ్ళోవాళ్ళు మాట వింటారు. మనం వినడమే కాదు, చేస్తాం. అదీ తేడా," అనేవాడు మీసం దువ్వుకుంటూ.

అలాంటి వీర్రాజుకి కంటి శుక్లం ఆపరేషనయింది. "మధ్యాహ్నపు ఎండ కంట్లో పడకూడదు. కిటికీకి మందపాటి పరదా వేయించండి," అన్నాడు డాక్టరు. వీర్రాజు పడక్కుర్చీ సరిగ్గా పడమటి కిటికీకి ఎదురుగా ఉంటుంది. అందులో ఓ కునుకు తీయకపోతే ఆయనకి పొద్దు గడవదు, పాపం. కుర్చీ కాస్త పక్కకి జరిపితే సరిపోయేదే. కానీ డాక్టరు కుర్చీ మాటెత్తలేదుగా! అంతే, ముగ్గురూ పరదాల కొట్టుకి బయల్దేరారు.

"ముందు కిటికీ కొలత తెండి, ఆయ్," అన్నాడు కొట్టాయన. "అంగుళం తేడా వచ్చినా బాగోదండి."

బయటికొచ్చాక గవర్రాజు బుర్ర గోక్కున్నాడు. "టేపు పెట్టి కొలిస్తే ఎక్కడో అంగుళం పోద్ది నాన్నా. కిటికీనే తెచ్చేస్తే?"

కొడుకు తెలివికి వీర్రాజుకి కట్టులేని కంట్లో నీళ్ళు తిరిగాయి. ఇంకేముంది, గునపం తీశారు. చువ్వలతో, తలుపులతో సహా కిటికీ ఊడొచ్చింది. దాంతో పాటు రెండు వరసల ఇటుకలూ ఊడొచ్చాయి. అన్నీ రిక్షాకెక్కించి కొట్టు ముందు దింపారు.

కొట్టాయన కిటికీని చూశాడు. వాళ్ళని చూశాడు. మళ్ళీ కిటికీని చూశాడు. కొలతలు తీసుకుని, నాలుగు రంగుల గుడ్డముక్కలు చేతిలో పెట్టాడు. "ఇంటికెళ్ళి ఇంటిల్లిపాదికీ నచ్చిన రంగేదో చెప్పండి," అన్నాడు, వీళ్ళు కదిలితే చాలన్నట్టు.

ఇంట్లో వీర్రాజు నీలం అన్నాడు, గవర్రాజు ఎరుపు అన్నాడు, కోడలు పసుపు అంది. "ఇంటిల్లిపాదీ అన్నాడు కదండీ, గేదెనడగలేదే!" అని గుర్తు చేసింది మంగతాయారు. నీలం చూపిస్తే గేదె తోకూపింది. పసుపు చూపిస్తే మొహం తిప్పుకుంది. ఎరుపు వంకైనా చూడలేదు. ఆకుపచ్చ చూపించారు. అంతే, లాక్కుని నమిలి మింగేసింది.

"మనకెవరికీ ఏ రంగూ ఇంతగా నచ్చలేదు," అన్నాడు వీర్రాజు. ఆకుపచ్చే ఖాయమైంది.

పరదా కుట్టేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ గోడకున్న కంతలోంచి ఎండ ధారగా పోస్తుంటే, వీర్రాజు అదే కుర్చీలో, రెండు చేతులతో కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. పరదా వస్తోందన్న సంతోషం ఆయన్ని నిలబెట్టింది.

"ఖరీదైన గుడ్డండి, ఆయ్," అని అప్పగించాడు కొట్టాయన. "ఉతికినా నీడనే ఆరేసుకోండి. ఎండ తగిలిందా, రంగు వెలిసిపోద్ది."

మేస్త్రీ వచ్చి కిటికీ మళ్ళీ బిగించాడు. పరదా వేశారు. గది చల్లబడింది. వీర్రాజు హాయిగా కాళ్ళు చాపుకుని కళ్ళు మూసుకున్నాడో లేదో, మంగతాయారు కేక పెట్టింది.

"మావయ్యగారూ, లేవండి! పరదాకి ఎండ తగుల్తోంది!"

ముగ్గురూ పెరట్లోకి పరిగెత్తారు. నిజమే, చువ్వల సందులోంచి ఎండంతా పరదా మీదే ఉంది.

"తీసేసి పెట్టెలో దాచేద్దామా?" అన్నాడు గవర్రాజు.

"తీసేస్తే మావయ్యగారి కంట్లో ఎండ పడదూ?"

"అయితే బయట ఇంకో పరదా కడదాం."

"దానికి మాత్రం ఎండ తగలదేంటండీ?"

వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. పెద్దవాడు తను ఉండగా పిల్లలకి ఈ బెంగేంటి? "మీకు పనులుంటాయి. ఖాళీగా ఉన్నది నేనేగా. గొడుగు తెండి," అన్నాడు.

అంతే, రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వీర్రాజు కిటికీ బయట నిలబడి, గొడుగుని జాగ్రత్తగా పరదాకి అడ్డం పెట్టి, తను ఎండకెదురుగా తిరిగి కాపలా కాసేవాడు. లోపల చల్లటి గదిలో పడక్కుర్చీ ఖాళీగా ఉండేది.

ఓ రోజు డాక్టరు గారి కాంపౌండరు అటుగా వెళ్తూ సైకిలాపాడు. "ఇదేంటండీ వీర్రాజుగారూ! కన్నెలా ఉంది?"

"కన్ను మంటెత్తిపోతోందయ్యా," అన్నాడు వీర్రాజు గర్వంగా. "పరదా మాత్రం నిక్షేపంగా ఉంది. డాక్టరు గారికి చెప్పు, నా కుర్చీ మీద ఇసుమంతైనా ఎండ పడట్లేదని."