హెడ్విగ్ కోరిన చెరసాల

పూర్వం జర్మనీ దేశంలో నది ఒడ్డున ఒక పట్నం ఉండేది. అక్కడి కూలీలు చవకగా కడుపు నింపుకోవాలంటే హెడ్విగ్ అనే ముసలమ్మ పూటకూళ్ళ ఇల్లే దిక్కు. తెల్లవారకముందే లేచి క్యాబేజీ చారు కాచీ కాచీ ఆమె ఒళ్ళు హూనమైపోయింది.

ఒకనాడు నగరాధికారి భటులతో వచ్చి, "ఈ కంపు పట్నానికి పరువుతక్కువ! రేపట్నుంచి ఇక్కడ వండినా, తిన్నా ఏడాది చెరసాలే!" అని హుంకరించాడు.

కూలీల మొహాలు వాడిపోయాయి. హెడ్విగ్ నడుం పట్టుకుని లేచి, "చెరసాలలో తిండి ఎవరు పెడతారు దొరా?" అని అడిగింది.

"ఇంకెవరు? నగరమే!"

"రెండు పూటలా?"

"రెండు పూటలా."

"అయితే రేపటిదాకా ఎందుకు? ఇప్పుడే తీసుకుపొండి. ఒకరు వండిపెట్టగా తిని ఎన్నేళ్ళయిందో!" అంటూ ఆమె చేతులు చాపింది.

ఆ మాట వినగానే కూలీలంతా ఆమె వెనక వరసకట్టారు. రోజూ అక్కడే తినే ఇద్దరు భటులు కూడా ఈటెలు గోడకు ఆనించి వరసలో చేరారు.

ఇంతమందిని ఏడాదంతా మేపాలని తలచుకునేసరికి అధికారికి చెమటలు పట్టాయి. ఆజ్ఞ రద్దు చేసి గబగబా వెళ్ళిపోయాడు.

కూలీలు కేరింతలు కొట్టారు. హెడ్విగ్ మాత్రం అతను పోయిన దారివైపు కాసేపు చూసి, "కాస్త మాట మీద నిలబడే మనిషనుకున్నాను" అని గొణుక్కుంటూ పొయ్యి ఎగదోసింది.