మునెమ్మను తరిమిన వడ్రంగిపిట్ట

అనగనగా ఒక అడవి ఉండేది పిల్లలూ. అక్కడ ఎవరి దేవుడు వాళ్లకుండేవాడు. పిట్టలు సూర్యుడికి మొక్కేవి. ఏనుగులు కొండకు మొక్కేవి. గబ్బిలాలు చీకటితల్లికి మొక్కేవి. దానిమీద ఎవరూ గొడవపడేవాళ్లు కాదు. పడే తీరిక ఎక్కడిది, తిండి వెతుక్కోవడంతోనే సరిపోయేది!

ఒక ఎండాకాలం కార్చిచ్చు వచ్చి అడవి సగం బూడిదైపోయింది. ఏ గూట్లో చూసినా ఏడుపే.

వడ్రంగిపిట్ట చెంచయ్య భార్య రంగి ఆ మంటల్లోనే పోయింది. ఎలా పోయిందో, ఆఖరున ఏమందో అతనికి తెలియదు. ఆ బెంగతో తిండి సయించేది కాదు. దానికితోడు ఇంకో సంగతి లోపల గుచ్చుతూ ఉండేది. ఆరోజు అతను పారిపోతుంటే, కింద బండమీద రెక్క కాలిన గబ్బిలం పిల్లాడు "చెంచయ్య మామా!" అని పిలిచాడు. చెంచయ్య విన్నాడు. ఆగలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

వానలు పడ్డాక, పోయినవాళ్లను తలుచుకుందాం రమ్మని ముసలి ఏనుగు అందరినీ పిలిచింది. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. పోయినవారి పేరు పిలవగానే, వాళ్లను ఆఖరున చూసినవారు లేచి ఉన్నదున్నట్టు చెప్పాలి. అది విన్నాకే ఇంటివాళ్ల మనసు కుదుటపడేది.

పొద్దుగూకుతుండగా గబ్బిలం మునెమ్మ తన వాళ్లతో వచ్చింది. ఆమెను చూడగానే చెంచయ్య కొమ్మ చాటుకు జరిగాడు. బండమీది పిల్లాడు ఆమె కొడుకు చిట్టన్నే. వాడి పేరు పిలిస్తే తాను లేవాలి!

"ఆగండి!" అని అరిచాడు చెంచయ్య. "తలకిందులుగా వేలాడి సూర్యదేవుడికి కాళ్లు చూపించే జాతి ఇది! ఆ పాపానికే అడవి తగలబడింది. వీళ్లుంటే మా పిట్టలు కూర్చోవు!"

చూశారా, తన సిగ్గు దాచుకోవడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకున్నాడు! పిట్టలన్నీ వంత పాడాయి. ఏనుగు వద్దని వారించినా వినలేదు.

"ఒక్క మాట చెప్పి పోతాను అన్నా" అంది మునెమ్మ. మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ "పో!" అన్నాడు. ఆమె వెళ్లిపోయింది.

కాసేపటికి ఏనుగు రంగి పేరు పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. చెంచయ్య ఒక్కొక్కరి మొహంలోకీ ఆశగా చూశాడు.

అప్పుడు ఉడుత మెల్లగా అంది: "లేవాల్సినామెను నువ్వే తరిమేశావు కదా! రంగి దగ్గర ఆఖరున ఉన్నది మునెమ్మే. ఆరోజు మీ తొర్రలోంచి ఆమె రావడం నేను చూశాను."

చెంచయ్యకు తల కొట్టేసినట్టయింది.

తెల్లారగానే గబ్బిలాల గుహకు వెళ్లాడు. "మునెమ్మా, అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను. మా రంగి..."

"మా చిట్టన్నను వెతుక్కుంటూ మీ చెట్టు పక్కగా వెళ్లానన్నా" అంది మునెమ్మ. "రంగి తొర్రలో గుడ్లమీద కూర్చుని ఉంది. వదిలి రానంది. నా రెక్కలు అడ్డం పెట్టాను గానీ పొగ ఆగలేదు. 'ఆయన్ని ఇటు రానివ్వకు' అంది. అదే ఆఖరి మాట."

ఆమె రెక్కల అంచులు కాలి ఉన్నాయి. చెంచయ్య వెక్కి వెక్కి ఏడ్చాడు. తన భార్య కోసం ఈమె ఆగింది. ఈమె బిడ్డ కోసం తాను ఆగలేదు. ఆ మాట గుహలోనే చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ తరిమింది నలుగురిలో. చెప్పాల్సిందీ నలుగురిలోనే.

ఆ సాయంత్రం మాడిన మానుమీద ముక్కుతో టకటకా కొట్టి అందరినీ పోగుచేశాడు. గబ్బిలాలను రెక్కలు జోడించి పిలిచాడు. అప్పుడు తల వంచుకుని అన్నాడు: "చిట్టన్నను ఆఖరున చూసింది నేనే. రెక్క కాలి నన్ను పిలిచాడు. నేను ఆగలేదు. ఈ మాట చెప్పాల్సి వస్తుందనే నిన్న మునెమ్మను తరిమాను. సూర్యదేవుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు."

వంత పాడిన పిట్టలన్నీ నేలచూపులు చూశాయి.

"భయపడ్డాడా?" అని అడిగింది మునెమ్మ.

"భయపడ్డాడమ్మా. మామా అన్నాడు."

మునెమ్మ భోరుమంది. చాలాసేపు ఏడ్చింది. క్షమించానని మాత్రం అనలేదు. ఏడుపు ఆగాక కొంచెం పక్కకు జరిగి, "కూర్చో" అంది.

నీతి: తన తప్పు కప్పుకోవడానికి దేవుణ్ని అడ్డం పెట్టుకునేవాడు, తన కన్నీళ్లు తుడవడానికి వచ్చినవాళ్లనే తరిమేసుకుంటాడు.