గాలిబండ మీద పులీ, దున్నా

అనగనగా ఒక అడవి, అందులో ఒక అడవిదున్న. పేరు కాటుకయ్య. ఒళ్లు అంత నల్లగా నిగనిగలాడేది మరి! ఆ కొమ్ములు చూస్తే ఎలుగుబంటి కూడా పక్కకి తప్పుకునేది.

అక్కడి దున్నలకి ఒక అలవాటుంది. పొద్దు వాలకముందే బురదగుంటలో పొర్లి, ఒళ్లంతా బురద పట్టించుకుని, గాలిబండ ఎక్కేస్తాయి. కొండకొమ్మున ఉన్న బోడి బండ అది. అక్కడ గడియకోసారైనా గాలి వీస్తుంది. ఇదంతా ఎందుకంటారా? నుసుములనే చిట్టి పురుగుల బాధ పడలేక! కంట్లో నలుసంత ఉంటాయి. కుట్టాయంటే ఒళ్లు మండిపోతుంది.

కాటుకయ్య మొన్నమొన్నటిదాకా ఎండుకొండల మీద ఒంటరిగా తిరిగినవాడు. మడుగు పక్కన సాయంత్రం ఎలా ఉంటుందో చూడనేలేదు. "నుసుముకి భయపడి బురద పూసుకోవడమా? చాల్లే, నవ్విపోతారు" అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం మడుగు ఒడ్డున అతని భార్య చుక్కమ్మ ఈనింది. బుజ్జి దూడ. ఇంకా కాళ్లు తడబడుతున్నాయి.

"ఏవయ్యా, పొద్దు వాలుతోంది. బుడ్డోడికి కాస్త బురద పూసి బండ ఎక్కిద్దాం" అంది చుక్కమ్మ.

"బండ మీద దాక్కోవడానికి గడ్డిపోచైనా లేదు. పులి చూస్తే? ఈ జమ్ముగడ్డి పొదలో పడుకుందాం. ఇందులోకి గాలే దూరదు, ఇక పులేం దూరుతుంది!" అన్నాడు కాటుకయ్య.

గాలి దూరని చోటే నుసుములకి ఇల్లని ఆయనగారికి తెలిస్తేగా!

పొద్దు వాలింది. ఆకు కదలడం లేదు. బురదలోంచి సన్నగా పొగలా ఏదో లేచింది. లేచి, లేచి, జమ్మునంతా కమ్మేసింది. అబ్బ! అన్ని ప్రాణాలు అంత చిన్న చోట ఎలా పట్టాయో! చూస్తే ఒళ్లు జలదరించేది.

కాటుకయ్య కొమ్ములు విసిరాడు. ఒక్కటీ తగల్లేదు. గిట్టలతో నేల అదరగొట్టాడు. ఒక్కటీ చావలేదు. కొండ మారుమోగేలా రంకె వేశాడు. ఒక్కటీ బెదరలేదు. పైగా తెరిచిన నోట్లోకే దూరాయి.

"అమ్మా, ఎక్కడున్నావే? కనబడ్డం లేదు" అని ఏడ్చింది దూడ. కళ్లు వాచి మూసుకుపోయాయి. ముక్కు వాచింది. పొదుగు దొరక్క, పాలు తాగక, కాళ్లు ముడిచి పడిపోయింది.

కాటుకయ్య దూడ మీదికి వంగాడు. "లేపు చుక్కమ్మా, బండకి పోదాం!" అన్నాడు.

"మరి పులో?"

"పులి వస్తే నేనున్నాను. వీటికి మాత్రం నేను చాలను."

ఇద్దరూ దూడని మూతులతో నెట్టుకుంటూ బండ ఎక్కారు. మిగతా దున్నలు అవతలి అంచున గుంపుగా ఉన్నాయి. ఇవతల చూస్తే ఏముంది? ఎదురుగా పులి! ఒక్క దూకు దూరంలో కూర్చుని ఉంది. కాటుకయ్య దూడకి అడ్డంగా నిలబడి కొమ్ములు వంచాడు.

పులి లేవలేదు. పంజాతో ముక్కు రుద్దుకుంటోంది. ముక్కు ఇంత లావున వాచిపోయింది.

"ఈ పూటకి వదిలెయ్ దున్నన్నా" అంది పులి. "మీకోసమే జమ్ములో పొంచి ఉన్నా. తరిమేశాయి. ఆకలే మర్చిపోయా."

అంతలో గాలి వీచింది. పెద్ద గాలేం కాదు, మీరు వేడి పాలు ఊదుకుంటారే, అంతే. వాళ్ల వెంట వచ్చిన నుసుములన్నీ చెల్లాచెదురైపోయాయి. పులిని తరిమినవి ఆ పాటి గాలికి నిలవలేకపోయాయి! పులీ, దున్నా కిందికి చూస్తూ ఉండిపోయాయి.

దూడ మెల్లగా ఒక కన్ను తెరిచింది. అమ్మ కనబడింది. పొదుగు వెతుక్కుని గుటగుటా పాలు తాగింది. అది చూసి కాటుకయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి.

చీకటి పడ్డాక పులి తన దారిన వెళ్లిపోయింది.

మర్నాడు సాయంత్రం బురదగుంటలో అందరికంటే ముందు దిగింది ఎవరనుకున్నారు? కాటుకయ్యే! కొమ్ముల దాకా బురద పట్టించుకున్నాడు.

"నాన్నా, నుసుము పులికంటే పెద్దదా?" అడిగింది దూడ.

"అది నాకు తెలీదురా. ముందు ఇటు రా, చెవి వెనక బురద అంటలేదు" అన్నాడు కాటుకయ్య.

నీతి: శత్రువు ఎంత చిన్నదో చూసి నవ్వకండి. దాని నుంచి తప్పించుకునే దారి తెలుసుకోండి, ఆ దారిన నడవడానికి సిగ్గుపడకండి.