తవిటమ్మ అరచేతులు

అనగా అనగా, ఆకాశం ఇంకా ఆకాశంలోనే ఉన్న రోజుల్లో, సముద్రం ఒడ్డున మొగలిదిబ్బ అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో తవిటమ్మ అని ఒకావిడ. ఆమెకు ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని, ఆమెను చాటెడు తవుడుకు పక్కింటివాళ్ళకు అమ్మేసి, మళ్ళీ పెంచుకోవడానికి తెచ్చుకున్నారట. అలా దక్కింది కాబట్టి ఆ పేరు.

పెద్దయ్యాక తవిటమ్మకు ఒక గుడిసె, ఒక గేదె. అంతే. మొగుడు పడవ మీద వేటకెళ్ళి తిరిగి రాలేదు. పాలు పోసుకుని బతికేది.

ఒక ఏడు ఎక్కడినుంచో మనుషులొచ్చారు. ఊరి పక్క దిబ్బలు చదును చేశారు. తాటిచెట్లు కొట్టేశారు. విమానాలు దిగే మైదానం అన్నారు. దిగితే దిగనీ, మనకేటి అనుకున్నారు ఊళ్ళోవాళ్ళు.

అప్పుడు వచ్చింది మొదటి విమానం. ఎంత కిందికి వచ్చిందంటే, కప్పుల మీద తాటాకు లేచి నిలబడింది. ఎండబెట్టిన చేపలు ఎగిరి పక్క వాకిట్లో పడ్డాయి. ఆ చేపలెవరివని రెండిళ్ళవాళ్ళు పొద్దుగూకే దాకా తగువులాడుకున్నారు. ఇంక ఆ మోత! కడుపులో పేగులకు కూడా వినపడిందట.

జనం ఏం చేశారు? కొందరు బోర్లా పడ్డారు. కొందరు మంచాల కింద దూరారు. వల అల్లుకుంటున్న ఒక ముసలాయన లేచి నిలబడి దండం పెట్టాడు. ఎందుకు తాతా అంటే, "అంత పెద్దది మన ఇంటి మీదుగా పోతుంటే కూర్చునుంటే మర్యాదగా ఉంటుందా" అన్నాడు.

అయితే అందరూ చేసిన పని ఒకటుంది. ఎవరి చెవులు వాళ్ళు గట్టిగా మూసుకున్నారు. అది ఎవరూ నేర్పక్కర్లేదు కదా.

ఆ వేళకు తవిటమ్మ పాలు పిండుతోంది. గేదె బెదిరి చెంబు తన్నేసింది. మర్నాడు అది అసలు పాలు చేపలేదు. పొదుగు నిండా పాలున్నా ఒక్క చుక్క రాలలేదు. ఆ మర్నాడు దూరంగా మోత వినపడగానే తవిటమ్మ చెంబు పక్కన పెట్టింది. గేదె తల గుండెకు ఆనించుకుంది. దాని చెవులు రెండూ అరచేతులతో మూసి పట్టుకుంది. విమానం వెళ్ళిపోయింది. గేదె కదల్లేదు. పాలిచ్చింది.

ఇదంతా పక్కింటి అప్పలనరసమ్మ కంచె మీంచి చూసింది. వాళ్ళిద్దరికీ మాటల్లేవు. అప్పలనరసమ్మ కోడి వచ్చి తవిటమ్మ గడ్డిమేట్లో గుడ్లు పెట్టేది. ఆ గుడ్లు కోడిగలావిడవా, గడ్డిగలావిడవా అని మొదలైన తగువు అది. అందుకని అప్పలనరసమ్మ తన కోడితో అంది: "చూశావే? లోకమంతా తన చెవులు మూసుకుంటే, ఈవిడ గేదె చెవులు మూస్తోంది."

తవిటమ్మ తన గేదెతో అంది: "చేతులున్నవాళ్ళు మూసుకుంటారు. లేనివాళ్ళకు ఎవరు మూస్తారే?"

అది మొదటిసారి.

రెండోసారి గురువులు అనే కుమ్మరి కావిడి నిండా కుండలు పెట్టుకుని సంతకు పోతున్నాడు. నడి వీధిలో ఉండగా విమానం వచ్చింది. వీధి ఖాళీ అయిపోయింది. కావిడి వదిలితే కుండలు పోతాయి, వదలకపోతే చెవులు పోతాయి. పాపం, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడిపోయాడు. తవిటమ్మ పరుగున వెళ్ళి వెనకనుంచి అతని చెవులు మూసింది. ఒక్క కుండ కూడా పగల్లేదు.

"మరి నీ చెవుల సంగతేటి, తవిటమ్మా?" అన్నాడు గురువులు.

"చేతులున్నవాళ్ళు మూసుకుంటారు బావా. లేనివాళ్ళకు ఎవరు మూస్తారు?"

"నాకు చేతులున్నాయి కదే."

"ఉన్నాయి. కుండలకిచ్చావు."

ఇక మూడోసారి. అప్పలనరసమ్మ కోడలికి ఆడపిల్ల పుట్టింది. అంతకుముందు ఇద్దరు పురిట్లోనే పోయారు. ఈ గుంట ఒక్కటే మిగిలింది. విమానం వచ్చినప్పుడల్లా చంటిది ఒళ్ళు బిగదీసుకుని, గుక్క తిరక్క నీలమెక్కిపోయేది. ఆ తర్వాత పూటంతా పాలు పట్టేది కాదు. తాయెత్తు కట్టారు. పసరు పోశారు. చెవుల్లో దూది పెట్టారు. దూదికి ఆగే మోతా అది? చూడ్డానికొచ్చిన మంత్రసాని బిడ్డ డొక్కలు తడిమి, పెదవి విరిచి వెళ్ళిపోయింది.

కోడలు పగలు ఉప్పు మడుల్లో పనికి పోవాలి. బిడ్డ అత్త దగ్గర. ఇక్కడ ఊరికి తెలియని సంగతి ఒకటుంది. ఊరందరినీ గడగడలాడించే అప్పలనరసమ్మ విమానమంటే గడగడలాడేది. మోత వినగానే ఆమె చేతులు ఆమె చెవుల మీదికే పోయేవి. కావాలని కాదమ్మా. చేతులు అలా పోయేవి.

ఒకనాడు విమానం వస్తుండగా తవిటమ్మ కంచె మీంచి చూసింది. ఉయ్యాల ఒక్కటే ఊగుతోంది. పక్కన మనిషి లేదు. అంతే, కంచె దాటేసింది. పిలవని ఇంట్లోకి దూరి, చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని, చిట్టి చెవులు రెండూ మూసింది. మోత కప్పు మీదుగా వెళ్ళిపోయింది. చంటిది బిగుసుకోలేదు. ఆవలించింది.

గాదె వెనకనుంచి ఒక గొంతు వచ్చింది. "ఎవరు రమ్మన్నారు నిన్ను మా ఇంటికి?"

"ముందు నువ్వు గాదె వెనకనుంచి రా అప్పా. తరవాత తిడుదువు గాని."

అప్పలనరసమ్మ వచ్చింది. జుట్టునిండా బూజు. మనవరాలి ఒంటి రంగు చూసింది. తవిటమ్మ చేతులు చూసింది. తిట్టలేదు.

"రేపు వచ్చేటప్పుడు వంగి రా. దూలం తగులుతుంది" అంది.

అప్పటినుంచి ఏ విమానం వచ్చినా తవిటమ్మ ఆ ఇంటికే పరుగు. ఇక్కడ గేదెకు చెవులు మూసేవాళ్ళు లేక పాలు ఆగిపోయాయి. గేదెను అమ్మేసి, ఉప్పు తట్టలు మోసి బతికింది. అక్కడ పిల్ల పాలు తాగింది. బోర్లా పడింది. పాకింది. నడిచింది. తన చెవులు తను మూసుకోవడం నేర్చింది.

తవిటమ్మ చెవుల్లో మాత్రం మొదట చింతగింజలు వేయించినట్టు చిటపటలాడేది. తర్వాత తుమ్మెద తిరిగినట్టుండేది. తర్వాత ఏమీ లేదు.

"కాస్త నీ చెవులు కూడా చూసుకోవే" అన్నాడు ఒకరోజు గురువులు.

ఆమెకు వినపడలేదు. నవ్వి, "భోంచేశాను బావా" అంది.

ఒక వానాకాలం జ్వరమొచ్చి తవిటమ్మ పోయింది. బొటనవేళ్ళు రెండూ దారంతో కట్టి, చేతులు గుండెల మీద పెట్టి, పాడె మీద పడుకోబెట్టారు. ఊరి చివర దింపుడు కళ్ళెం దగ్గర పాడె దించారు. అక్కడ అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఎక్కడైనా దాగుంటే పలుకుతుందని. తవిటమ్మకు అయినవాళ్ళెవరూ లేరు. అప్పలనరసమ్మ వచ్చి ఆ మట్టిలో కూర్చుంది.

"తవిటమ్మా" అంది.

"ఒసే తవిటమ్మా" అంది.

మూడో పిలుపుకు నోరు తెరవగానే విమానం వచ్చింది. తలల మీదికే వచ్చింది. అందరి చేతులూ వాళ్ళ వాళ్ళ చెవుల మీదికి పోయాయి. అప్పలనరసమ్మ చేతులు మాత్రం తవిటమ్మ చెవుల మీదికి పోయాయి. విమానం దాటిపోయే దాకా అలాగే మూసి పట్టుకుంది. ఒళ్ళంతా వణుకుతూనే ఉంది. చేతులు మాత్రం తియ్యలేదు.

"బతికుండగానే వినపడేది కాదు కదమ్మా ఆవిడకు" అన్నారెవరో మెల్లగా.

"చేతులు కట్టేసున్నాయి. ఎవరు మూస్తారు మరి?" అంది అప్పలనరసమ్మ.

 అంతలో అదే దారిన మరో విమానం వచ్చింది. ఈసారి అక్కడున్న జనంలో ఒక్కరు కూడా తమ చెవులు మూసుకోలేదు. పక్కవాళ్ళ చెవులు మూశారు.

ఇప్పటికీ మొగలిదిబ్బలో అంతే. కొత్తగా వెళ్ళినవాళ్ళు బస్సు దిగి నిలబడితే, వెనకనుంచి చేపల వాసనేసే చేతులు రెండు వచ్చి చెవులు మూస్తాయి. కంగారు పడకూడదు. విమానం వస్తోందన్నమాట. పెళ్ళిపీటల మీద తలంబ్రాల చేతులతో ఉన్నవాళ్ళకు తోడిపెళ్ళికూతురు మూస్తుంది. కంచెకు అటూ ఇటూ నిలబడి తిట్టుకుంటున్న ఆడవాళ్ళు కూడా మోత రాగానే తిట్టు నోట్లోనే ఆపి, కంచె మీంచి చేతులు చాపి ఒకరి చెవులొకరు మూసుకుంటారు. విమానం దాటిపోయాక, ఆపిన తిట్టు దగ్గరనుంచి మళ్ళీ మొదలుపెడతారు.