రేడియో సౌండు తగ్గించండి

పాఠం మొదలుపెట్టే ముందు సుందరరామం మేష్టారికి ఒక అలవాటు ఉండేది. ట్రాన్సిస్టర్ పెట్టి, పక్కనే ఒక పాత లాప్‌టాప్ తెరిచేవారు. మృదంగం గురువుకి లాప్‌టాప్ ఏమిటని కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుకునేవారు, నేనూ నవ్వినవాడినే. దాని బ్యాటరీ ఏనాడో చచ్చింది. అందరి కంప్యూటర్లలో ఉండే హంగులు మోయలేక చతికిలబడితే, ఎవరో అవన్నీ పీకేసి లైనక్స్ అనే తేలికపాటి సిస్టం వేశారట. నల్లటి తెర మీద మేష్టారు ఒంటివేలితో ఒక వరస కొడితే, అది తాపీగా ఆలోచించుకుని, ట్రాన్సిస్టర్‌లో వస్తున్న స్టేషన్‌నే ఇంటర్నెట్‌లో అందుకునేది. ట్రాన్సిస్టర్‌లో వినపడిన మాటే లాప్‌టాప్‌లో నిమిషమున్నర వెనక వచ్చేది. ఆ మాట వచ్చేదాకా కూర్చుని, రెండూ కట్టేసి, "ఊఁ, కానివ్వండి" అనేవారు.

ఒక పొద్దున్న, మాతోపాటు నేర్చుకునే గవర్రాజు ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. కరెంటాఫీసులో ఉద్యోగం, నలభై దాటిన మనిషి. అన్నగారితో నాలుగేళ్లుగా మాటల్లేవు. మాట తూలింది తనేనని మా అందరి దగ్గరా ఒప్పుకుంటాడు, ఆ అన్న దగ్గర తప్ప.

"మేష్టారండీ, తప్పయిపోయిందని చెప్పడానికి సరైన సమయం ఏదండీ? మాఘమాసంలో మా మేనకోడలి పెళ్లుందండి. ఆ సందడిలో ఎవరి మనసైనా కాస్త మెత్తబడుద్ది కదండీ. అప్పుడు కాళ్ల మీద పడిపోదామని."

సమయం గురించి అడిగాడు కదా, తాళం లెక్క ఏదో చెబుతారనుకున్నాను. ఆయన మృదంగం ఎడమవైపు అతికించబోతున్న రవ్వముద్దని గిన్నెలోనే వదిలేసి, లాప్‌టాప్ వైపు చూశారు. "ఇది మా అన్నయ్యది" అన్నారు.

ఆ అన్నయ్య కూర్మనాథం గారు. మేష్టారికి మృదంగం నేర్పింది ఆయనే. అంతవరకే మాకు తెలుసు, మిగతాది ఆ పూటే విన్నాం. ఏదో కచేరీలో పెద్దాయన చెయ్యి వణికి తాళం జారిందట. కచేరీ అయ్యాక, పదిమంది వింటుండగా మా మేష్టారు, "ఆ వణుకుడు చేత్తో పరువు తీయకు, ఇంక మానెయ్" అనేశారట. పెద్దాయన నిజంగానే మానేశారు. మళ్లీ మృదంగం ముట్టలేదు, తమ్ముడితో మాట్లాడలేదు.

"మర్నాడే వెళ్దామనుకున్నాను. సిగ్గేసింది. ఉగాదికి వెళ్దామనుకున్నాను. ఆ తర్వాత దసరాకి అనుకున్నాను" అన్నారు మేష్టారు. అలా ఆరేళ్లు.

ఈలోగా అన్నగారు మంచాన పడి అమలాపురంలో కూతురు విశాలి ఇంటికి చేరారు. మంచం పక్కన ఈ లాప్‌టాప్ పెట్టించుకుని, రోజూ పదింటికి శ్రోతలు ఫోన్ చేసి మాట్లాడే కార్యక్రమం వినేవారు. "రోజులు దగ్గర పడ్డాయి బాబాయ్, ఒక్కసారి రా" అని విశాలి ఏడిస్తే, ఎదురుపడే ధైర్యం లేక, ఈయన ఆ రేడియోకి ఫోన్ చేశారు. అంతటి విద్వాంసుడికి అదేం పిరికితనమో!

"లైను దొరికింది. 'మీ రేడియో సౌండు తగ్గించి మాట్లాడండి' అంది రేడియో అమ్మాయి. ట్రాన్సిస్టర్ కట్టేశాను. 'అన్నయ్యా, నాదే తప్పు. వణికినా నీ చెయ్యే నాకు గురువు' అన్నాను. ఏ పాట కావాలో కూడా చెప్పకుండా పెట్టేశాను. పెట్టీ పెట్టగానే ఫోను మోగింది. విశాలి. 'నాన్న పోయారు బాబాయ్, ఇప్పుడే' అంది."

 గిన్నెలో రవ్వముద్ద ఆరిపోతోంది. తడపమని ఆయన అనలేదు, మేమూ కదల్లేదు.

"ఆ పిల్ల ఏడుపు వెనక ఎవరో మాట్లాడుతున్నారు. వచ్చినవాళ్లేమో అనుకున్నాను. చెవి పెట్టి విన్నాను. నా గొంతే. 'అన్నయ్యా, నాదే తప్పు' అంటోంది, ఆ గదిలో."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. గవర్రాజు కండువాతో మొహం తుడుచుకుని, మేష్టారిని ఎలాగైనా ఓదార్చాలని తంటాలు పడ్డాడు.

"మీరు చెప్పేశారు కదండీ. మీ తప్పేముందండీ? ఈ డొక్కు సామానే కదండీ ఆలస్యం చేసింది!"

మేష్టారు లాప్‌టాప్ మూత నెమ్మదిగా దించారు.

"పాపం, దాన్నేం అనకోయ్ గవర్రాజూ. అది చేసింది నిమిషమున్నర. మిగతా ఆరేళ్లూ నావి."