వేడి చేసిన బండి

జ్వరం వచ్చిన ప్రతిసారీ నుదుట తడిగుడ్డ వేసి, ఎందుకొచ్చిందో అడగకుండా పంపేసే వైద్యుడి దగ్గరికి మీ బిడ్డను తీసుకెళ్తారా?

పాడేరు ఘాట్ రోడ్డు మొదట్లో ఎర్నాయుడనే మెకానిక్ ఉండేవాడు. పని వేగం ఎక్కువ, ప్రశ్న తక్కువ. ఏ బండి పొగలు కక్కుతూ వచ్చినా, మజ్జిగ తాగితే పోతుందన్నంత తేలిగ్గా, వేడి చేసిందంతే అనేవాడు. రేడియేటర్ నింపి, ఇంజన్ మీద బకెట్టు నీళ్లు కుమ్మరించి పంపేవాడు.

నర్సు కాసులమ్మ కొండమీది ఊళ్లకు టీకాలు తీసుకెళ్లేది. ఆమె జీపు పదేపదే కాగిపోయేది. ప్రతిసారీ నాయుడు దాన్ని చదును రోడ్డు మీద రివ్వున తిప్పి తెచ్చి, బ్రహ్మాండంగా ఉందనేవాడు.

చివరికొక పొద్దున ఆమె తాళం అతని చేతిలో పెట్టింది.

"నీ షెడ్డు ముందు ఇదెప్పుడూ బుద్ధిమంతురాలే, నాయుడన్నా. కొండెక్కాక దీని వేషాలు చూద్దువుగాని, పద."

అతను బండి తోలుతుంటే, ఆమె టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. మంచు దారిని మింగేసింది. కాఫీ తోటలు నీళ్లడుగున ఉన్నట్టు, కలలో ఊగినట్టు కదిలాయి. మలుపు మలుపుకీ బండి నెమ్మదించింది. ఇంజన్ లోంచి ఆవిరి లేచింది. ఏది ఆవిరో, ఏది మంచో తెలియలేదు.

బండి ఆగింది. నాయుడి చెయ్యి అలవాటుగా బకెట్టు కోసం వెతికింది. అక్కడ బకెట్టు లేదు. వినడం తప్ప అతనికి పనిలేకపోయింది. తాళం తిప్పి ఉంచి చెవి వొగ్గాడు. ఆకుల మీంచి మంచు బొట్లు రాలుతున్నాయి. అంతే. ఇంత వేడికి గుయ్యిమని తిరగాల్సిన రేడియేటర్ ఫ్యాను ఉలకలేదు, పలకలేదు. కింద చదును రోడ్డు మీద ఎదురుగాలి దాని పని చేసిపెట్టేది. నెమ్మదిగా ఎక్కే కొండ మీద ఆ గాలి ఏది?

ఫ్యాను తీగ ప్లగ్గు ఊడదీశాడు. లోపల పచ్చటి చిలుము. ఎప్పుడో రేడియేటర్లో చల్లబరిచే కూలెంట్ తగ్గి ఒకసారి కాగిన బండిని, తన బకెట్టు నీళ్లే ఆ ప్లగ్గులోకి దిగి రోగిష్టిని చేశాయి.

చిలుము గీకి బిగించాడు. ఫ్యాను తిరిగింది. ఇంజన్ చల్లారాక కాసులమ్మ సీసాలో నీళ్లు రేడియేటర్లో పోసి బయల్దేరారు.

ఊరు చేరేసరికి బడి అరుగు మీద ఒక్క తల్లి, కొంగులో బిడ్డ. మిగతా తల్లులు చూసి చూసి పిల్లలతో తోటల్లోకి వెళ్లిపోయారట.

"నర్సమ్మ వస్తానంటుంది గానీ రాదులే అన్నారు," అందామె. "నేనే ఉండిపోయాను."

కాసులమ్మ పెట్టె తెరిచింది. నాయుడు తలెత్తలేదు.

ఆనాటి నుంచి అతను బకెట్టు ముట్టేముందు, ఎక్కడ కాగింది, ఎక్కుతుంటేనా, నిలబడితేనా అని అడిగేవాడు.

మళ్లీ మళ్లీ వచ్చే చిక్కును పైపైన చల్లార్చి పంపితే, కారణం లోపలే ముదురుతుంది. మీ ఇంట్లోనూ పదేపదే చెడేదేదో ఉండే ఉంటుంది. ఈసారి బకెట్టు కింద పెట్టి, ఎందుకని అడగండి.